నచ్చని అధ్యక్షుడు, దించాల్సిన అధ్యక్షుడు

(స్మారకోపన్యాస పాఠం)



మాకు చదువు చెప్పిన మాస్టారి పేరు మీద మాట్లాడమని స్మారక కమిటీవారు అడిగిన రోజున నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఒక పోస్టుకార్డు. 2004 మార్చిలో వచ్చిన కార్డు అది. అప్పుడు నేనొక దినపత్రికలో సబ్ ఎడిటర్ని, విదేశీ వార్తలు చూసేవాణ్ణి. ఆ నెల 12న దక్షిణ కొరియా పార్లమెంటు తమ దేశాధ్యక్షుడు రో మూ-హ్యూన్‌ని పదవినుంచి తప్పించాలని 193–2 ఓట్లతో తీర్మానం చేసింది. ఏజెన్సీ పంపిన వార్తని గబగబా తెలుగు చేసి, కొరియా అధ్యక్షుడిపై అవిశ్వాసం నెగ్గిందని శీర్షిక పెట్టి పేజీ వదిలేశాను. నాలుగో రోజున కార్డు వచ్చింది. మాస్టారి చేతిరాత చీమలబారులా ఉండేదని మీలో చాలామందికి తెలుసు. అవిశ్వాసం ప్రధానమంత్రి మీద పెడతారు, అధ్యక్షుడి మీద పెట్టేది అభిశంసన అని రాశారు. మొదటిదానికి కారణం చెప్పక్కర్లేదు, సభలో బలం లేకపోతే చాలు. రెండోదానికి తప్పు చూపించాలి, రుజువు చెయ్యాలి. ఈ తేడా కొరియా జనానికి తెలుసు, నీ వార్త ఆఖరి పేరా నువ్వే మళ్ళీ చదువుకో, అని ముగించారు.

పేపరు తీసి చూసుకున్నాను. ఆఖరి పేరాలో, చోటు మిగిలింది కదా అని నేను అతికించిన రెండు వాక్యాల్లో ఉంది అసలు వార్త. పార్లమెంటు చేసిన పని తప్పని సర్వేల్లో దాదాపు 70 శాతం మంది కొరియన్లు చెప్పారు. అదే జనం అంతకు వారం ముందు అడిగితే ఆయన పాలన బాగుందని చెప్పినవాళ్ళు ఏ పాతిక శాతమో. అంటే ఆయన నచ్చనివాళ్ళలో చాలామంది కూడా ఆయన్ని దించడాన్ని ఒప్పుకోలేదు. ఇరవయ్యేళ్ళు దాటింది ఆ కార్డు వచ్చి. అప్పణ్ణించీ ఆ దేశాన్ని వదలకుండా గమనిస్తూ వచ్చాను. ఈ ఇరవయ్యేళ్ళలో అక్కడ ముగ్గురు అధ్యక్షుల మీద అభిశంసన నెగ్గింది. అదే రాజ్యాంగం, అదే కోర్టు. మూడుసార్లూ జనం మూడు రకాలుగా కదిలారు. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఆ కదలిక గురించే. కొలువులో ఉన్న అధ్యక్షుణ్ణి దించాలా వద్దా అని అడిగినప్పుడు జనం ఇచ్చే జవాబు, ఆయన మీకు నచ్చాడా అంటే ఇచ్చే జవాబు కన్నా వేరే జాతిది. ఆ రెండూ ఒకటైపోయిన రోజున దేశానికి ప్రమాదం అని నా నమ్మకం.

ముందు ఆ దేశపు పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. 1987లో సైనిక పాలన మీద జనం వీధుల్లో పోరాడి నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు తెచ్చుకున్నారు. ఆ ఏడు వచ్చిన రాజ్యాంగమే ఇప్పటికీ నడుస్తోంది. అధ్యక్షుడికి అయిదేళ్ళు ఒకే ఒక్క పదవీకాలం. ఆయన రాజ్యాంగాన్నో చట్టాన్నో ఉల్లంఘిస్తే, మొత్తం పార్లమెంటు సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది అభిశంసించవచ్చు. ఆ క్షణం నుంచి ఆయన అధికారాలు ఆగిపోతాయి, ప్రధానమంత్రి తాత్కాలికంగా నడుపుతాడు. పదవి పోవడం మాత్రం రాజ్యాంగ న్యాయస్థానం చేతిలో ఉంటుంది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో కనీసం ఆరుగురు సరే అనాలి. మన రాజ్యాంగంలో 61వ అధికరణం ఉంది, రాష్ట్రపతిని తప్పించడానికి. అక్కడ కూడా రాజ్యాంగ ఉల్లంఘన ఒక్కటే కారణం. దాన్ని వాడాల్సిన అవసరం మనకి ఇంతవరకూ రాలేదు. అందుకే కాబోలు ఆ మాట మన నాలుక మీద అరగలేదు, నాలాంటివాడు శీర్షికలో తప్పు రాశాడు.

రో మూ-హ్యూన్ మీద మోపిన ప్రధానమైన తప్పు ఏమిటంటే, రాబోయే పార్లమెంటు ఎన్నికల్లో తనని బలపరుస్తున్న యూరి పార్టీకి జనం మద్దతిస్తారని ఆశిస్తున్నానని విలేఖరుల దగ్గర అనడం. అధ్యక్షుడు ఎన్నికల్లో తటస్థంగా ఉండాలని చట్టం. ఎన్నికల సంఘం తప్పుపట్టింది. క్షమాపణ చెప్పమన్నారు, చెప్పలేదు. యూరి పార్టీకి అప్పుడు సభలో యాభైమంది కూడా లేరు. వాళ్ళు స్పీకర్ వేదికని ఆక్రమించుకుంటే మార్షల్స్ ఒక్కొక్కళ్ళనీ ఎత్తి బయట పడేశారు. ఏడుస్తున్న సభ్యుల్ని కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకుపోవడం దేశమంతా టీవీలో చూసింది. లెక్క చూడండి: 271 మంది సభ్యుల్లో 193 అంటే 71 శాతం. బయట జనంలో 70 శాతం దానికి వ్యతిరేకం. అద్దంలో ప్రతిబింబంలాగా తలకిందులు.

నెల తిరిగేసరికి, ఏప్రిల్ 15న, ఎన్నికలు వచ్చాయి. యూరి పార్టీకి 299 స్థానాల్లో 152 వచ్చాయి. మే 14న న్యాయస్థానం అభిశంసనని కొట్టేసింది. ఆ తీర్పులో నాకు ఎంతో విలువైనదిగా తోచేది ఒకటుంది. అధ్యక్షుడు చట్టం ఉల్లంఘించలేదని కోర్టు అనలేదు. ఉల్లంఘించాడనే చెప్పింది. అయితే కోట్లమంది ఓటేసి కూర్చోబెట్టిన మనిషిని దించాలంటే ఆ ఉల్లంఘన అంత బరువైనది అయివుండాలి, ఇది అంత బరువు లేదు అంది. అభిశంసనని నిరసిస్తూ వీధుల్లో కొవ్వొత్తులు పట్టుకున్న మామూలు మనిషి రెండు నెలల ముందే తేల్చుకున్నది ఇదే. తప్పు ఉంది, శిక్ష దానికి మించిపోయింది. న్యాయశాస్త్రం చదవనివాడికి ఆ తూకం ఎలా తెలిసిందంటే, ఇంట్లో, ఊళ్ళో, పంచాయితీలో మనం రోజూ చేసే తూకమే అది. పిల్లవాడు అబద్ధమాడితే చెంపమీద కొడతాం, ఇంట్లోంచి వెళ్ళగొట్టం.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక జ్ఞాపకం రాక మానదు. 1984 ఆగస్టు 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. అది అభిశంసన కాదు, పదవీ వేరు, పద్ధతీ వేరు. గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే అమెరికానుంచి వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఎమ్మెల్యేలని వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళిన దృశ్యం ఆనాటివాళ్ళెవరూ మరిచిపోలేదు. సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ప్రమాణం చేశారు. ఆ నెల రోజులూ మా వీధిలో ఆయన పార్టీకి ఓటెయ్యని ఇళ్ళలో కూడా ఒకే మాట వినపడేది: మనం వద్దనుకుంటే మనమే దించుకుంటాం, ఎవరో దించడమేమిటి? సియోల్‌లో 2004లో జనం అన్నదీ ఈ మాటేనని మాస్టారు నాకు తరవాత చెప్పారు. ఓటు నాది, తీసుకుంటే నేనే తీసుకోవాలన్న పట్టుదల అది.

ఇప్పుడు 2016కి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రజాభిప్రాయం అనేది ఎలా గట్టిపడుతుందో ఇంత స్పష్టంగా కనపడిన సందర్భం ఈ కాలంలో మరొకటి నాకు తెలియదు.

పార్క్ గ్యూన్-హే 2012లో 51.6 శాతం ఓట్లతో గెలిచారు. 1987 తరవాత సగానికి మించి ఓట్లు తెచ్చుకున్న మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆమె తండ్రి పార్క్ చుంగ్-హీ పద్దెనిమిదేళ్ళు దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు. పెద్దవయసువాళ్ళలో ఆ ఇంటి పేరు మీద గౌరవం ఉంది. 2014 ఏప్రిల్ 16న సెవోల్ అనే నౌక మునిగి 304 మంది పోయారు. వాళ్ళలో 250 మంది ఆన్సాన్ పట్టణంలోని ఒకే హైస్కూలు పిల్లలు, విహారయాత్రకి బయల్దేరినవాళ్ళు. ఆ ఉదయం గంటల తరబడి అధ్యక్షురాలు ఏం చేస్తున్నారన్న ప్రశ్నకి సరైన జవాబు దొరకలేదు. ఆ తల్లిదండ్రులు సియోల్‌లోని గ్వాంగ్వామున్ కూడలిలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. రెండేళ్ళు కూర్చున్నారు. అప్పటికి దేశంలో చాలామంది వాళ్ళని చూసి ఇంక చాలించమన్నారు.

2016 అక్టోబరు 24న ఒక టీవీ చానెల్ ఒక టాబ్లెట్‌లో దొరికిన ఫైళ్ళు బయటపెట్టింది. ఏ పదవీ లేని స్నేహితురాలు చోయ్ సూన్-సిల్ అధ్యక్షురాలి ఉపన్యాసాలు ముందే చూసి దిద్దుతోంది. కంపెనీల దగ్గర ఆమె కనుసన్నల్లోని సంస్థలకి కోట్లు వసూలవుతున్నాయి. ఆమె కూతురికి పెద్ద విశ్వవిద్యాలయంలో దొడ్డిదారిన సీటు. ఈ ఆఖరి సంగతే జనానికి బాగా తగిలిందని నా ఊహ. ఆ దేశంలో ప్రవేశపరీక్ష రోజున ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు, విద్యార్థులు ఇంగ్లీషు వినే పరీక్ష రాసేటప్పుడు విమానాలు దిగకుండా, ఎగరకుండా ఆపుతారు. ఎంసెట్ ర్యాంకు కోసం పిల్లల్ని హాస్టళ్ళలో పెట్టిన మనకి ఆ కడుపుమంట విడమరిచి చెప్పక్కర్లేదు.

29వ తేదీ శనివారం వేలమంది కొవ్వొత్తులతో గ్వాంగ్వామున్‌కి వచ్చారు. పై శనివారం ఇంకా ఎక్కువమంది. అధికార పార్టీ సభ్యుడొకరు, కొవ్వొత్తులు గాలి వీస్తే ఆరిపోతాయిలే అన్నాడు. మరుసటి శనివారం జనం బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు తెచ్చుకున్నారు. డిసెంబరు 3న దేశమంతా కలిపి 23 లక్షలకి పైగా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. పోలీసుల లెక్క అందులో అయిదోవంతు కూడా లేదు. ఎవరు అబద్ధం చెప్పారని నన్నడుగుతారు. ఇద్దరూ చెప్పలేదు. ఒకేసారి కూడలిలో నిలబడి ఉన్నవాళ్ళని పోలీసులు లెక్కేశారు, పొద్దుటినుంచి రాత్రిదాకా వచ్చిపోయినవాళ్ళని నిర్వాహకులు లెక్కేశారు. తిరునాళ్ళకి ఎంతమంది వచ్చారంటే మనం చెప్పేది రెండో లెక్కే.

వాళ్ళు అధ్యక్ష భవనం వైపు నడుస్తామంటే పోలీసులు అడ్డం చెప్పారు. కోర్టుకి వెళ్ళారు. కోర్టు ఒక్కో వారం కొంచెం కొంచెం దగ్గరికి అనుమతిచ్చుకుంటూ వచ్చింది. డిసెంబరు 3 నాటికి భవనానికి వంద మీటర్ల దాకా నడవచ్చంది. లక్షలమంది ఆ వంద మీటర్ల దగ్గర ఆగారు. చంటిపిల్లల్ని భుజాన వేసుకుని వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు చెత్త ఏరుకుని వెళ్ళారు. ఆ క్రమశిక్షణ ఎక్కణ్ణించి వచ్చిందని నేను చాలాకాలం ఆలోచించాను. తమ మీద నింద పడకూడదన్న జాగ్రత్త అది. అవతలివాళ్ళది చట్ట ఉల్లంఘన అని చెప్పడానికి వచ్చినవాళ్ళు తాము చట్టం గీటు దాటకూడదనుకున్నారు.

ఆ నవంబరులో గ్యాలప్ కొరియా సర్వేలో అధ్యక్షురాలి పాలన బాగుందన్నవాళ్ళు 4 శాతానికి దిగారు. డిసెంబరు రెండో వారంలో అభిశంసన సబబేనని 81 శాతం చెప్పారు, వద్దన్నవాళ్ళు 14 శాతం. ఈ 81లో ఆమెకి ఓటేసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 51.6 శాతం ఓట్లతో గెలిచినావిడ విషయంలో 81 ఎలా వస్తుంది మరి? ఓటేసినవాళ్ళు, మేము ఓటేసింది నీకు, నీ స్నేహితురాలికి కాదు అన్నారు. డిసెంబరు 9న పార్లమెంటులో 234 ఓట్లు పడ్డాయి. ప్రతిపక్షాలూ స్వతంత్రులూ అందరూ కలిపినా 172 మందే. అధికార పార్టీవాళ్ళు కనీసం 62 మంది రహస్య బ్యాలెట్‌లో తమ నాయకురాలికి ఎదురు ఓటేశారు. 300లో 234 అంటే 78 శాతం. జనం 81. అద్దం ఈసారి నిటారుగా ఉంది.

2017 మార్చి 10న తీర్పు చదివిన తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి లీ జంగ్-మీ, పొద్దున కోర్టుకి వస్తూ జుట్టుకి చుట్టుకున్న రోలర్లు తీసుకోవడం మరిచిపోయారు. ఆ ఫొటో చూసి ఆ దేశపు ఉద్యోగినులు తమనే చూసుకున్నారు. అప్పుడు పదవిలో ఉన్న ఎనిమిదిమందిలో ఎనిమిదిమందీ దించాల్సిందే అన్నారు. సెవోల్ విషయం మాత్రం పదవి తీసెయ్యడానికి ఆధారం కాదన్నారు. ఆ తల్లులకి ఆ మాట ఎంత చేదుగా ఉండివుంటుందో ఊహించుకోగలను. న్యాయస్థానం జనం కోపం ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా సంతకం పెట్టలేదు. రుజువైన చోటే పెట్టింది. నాకు ఆ తీర్పు మీద గౌరవం పెరిగింది అందువల్లే. ఆ రోజున కోర్టు బయట పార్క్ అభిమానుల ఆందోళనలో ప్రాణాలు పోయాయి. జాతీయపతాకాలు పట్టుకుని నిలబడిన ఆ ముసలివాళ్ళు ఆ 14 శాతంలోవాళ్ళు. వాళ్ళ సంగతి మళ్ళీ చెప్పుకోవాలి.

మూడోది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర వేళ అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనపడి మార్షల్ లా ప్రకటించారు. రాజకీయ కార్యకలాపాలన్నీ నిషేధం అని ఉత్తర్వు వచ్చింది. పార్లమెంటు ఆవరణలో హెలికాప్టర్లు దిగాయి. గేట్లు మూస్తే సభ్యులు గోడలు ఎక్కారు. అరవయ్యేడేళ్ళ స్పీకర్ ఊ వోన్-షిక్ కూడా ఎక్కారు. లోపల సిబ్బంది కుర్చీలూ బల్లలూ అడ్డం పెట్టి, మంటలార్పే యంత్రాలతో సైనికుల్ని ఆపారు. రాత్రి ఒంటిగంటకి 190 మంది సభ్యులు సమకూడి, 190 మందీ దాన్ని ఎత్తెయ్యమని ఓటేశారు. అసలు ఆ అర్ధరాత్రి పార్లమెంటు ముందుకి పరిగెత్తి వచ్చి, సైనిక వాహనాలకి అడ్డంపడ్డ మామూలు జనానికి ఏ సర్వే అవసరం లేకపోయింది. వాళ్ళలో పెద్దవాళ్ళకి 1980 మే నెల గుర్తుంది. అప్పటి మార్షల్ లాలో గ్వాంగ్‌జూలో సైన్యం పౌరుల్ని కాల్చి చంపింది. ఆ ఊరి గురించి నవల రాసిన హాన్ కాంగ్, ఈ మార్షల్ లా వచ్చిన వారంలోనే నోబెల్ అందుకోవడానికి స్టాక్‌హోమ్‌లో ఉన్నారు. ఇది యాదృచ్ఛికమే, కానీ ఆ యాదృచ్ఛికం నన్ను ఇప్పటికీ వదలలేదు.

డిసెంబరు 7న అభిశంసన ఓటింగ్‌కి అధికార పార్టీవాళ్ళు ముగ్గురు తప్ప అందరూ లేచి వెళ్ళిపోయారు. 200 మంది కావాలి, 195 మందే ఓటేశారు, పెట్టె తెరవనేలేదు. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ప్రతిపక్ష నాయకుల్లో ఒకరు ఒక్కొక్కటిగా పిలిచారు. బయట గడ్డకట్టే చలిలో నిలబడినవాళ్ళు ఆ పేర్లని తిరిగి పలికారు. ఈసారి కొవ్వొత్తుల చోట పాటల కచేరీలకి పట్టుకెళ్ళే రంగుదీపాలు వచ్చాయి. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న ఆడపిల్లలు ఎక్కువ కనపడ్డారు. రాలేనివాళ్ళు, విదేశాల్లో ఉన్నవాళ్ళు కూడా, చుట్టుపక్కల కాఫీ దుకాణాల్లో ముందే డబ్బు కట్టి, ఎవరొచ్చి అడిగినా ఇవ్వమన్నారు. మన చలివేంద్రం లాంటిదే, చలికాలంలో. ఆ నెల 21న ట్రాక్టర్లమీద వచ్చిన రైతుల్ని నామ్‌తేర్యోంగ్ కనుమ దగ్గర పోలీసులు ఆపితే, ఆ ఆడపిల్లలే రాత్రంతా అక్కడ కూర్చుని దారి విడిపించారు.

అంతకుముందు, డిసెంబరు 14న, రెండోసారి జరిగిన ఓటింగ్‌లో అభిశంసనకి 204 ఓట్లు పడ్డాయి. ఆ వారం గ్యాలప్ కొరియాలో అభిశంసన కావాలన్నవాళ్ళు 75 శాతం, వద్దన్నవాళ్ళు 21. ఇంతవరకూ కథ 2016 లాగానే ఉంది. నన్ను కలవరపెట్టింది దీని తరవాతది. జనవరి మొదటివారం దాటేసరికి 75 కాస్తా 64 అయింది. జనవరి మధ్యకి 57. వద్దన్నవాళ్ళు 36. అదే వారం అధికార పార్టీకి మద్దతు ప్రతిపక్షాన్ని దాటింది. ఏప్రిల్లో తీర్పు వచ్చేదాకా ఆ అంకెలు ఇంచుమించు అక్కడే ఆగిపోయాయి.

ఆ నెలరోజుల్లో కొత్త సాక్ష్యం ఏదైనా అధ్యక్షుడికి అనుకూలంగా వచ్చిందా? రాలేదు. వచ్చినవన్నీ ఆయనకి ప్రతికూలమైనవే. హెలికాప్టర్లు ఎవరి కళ్ళముందు దిగాయో వాళ్ళ కళ్ళు మారలేదు. మరి పద్దెనిమిది శాతం మంది ఎందుకు కదిలారు? కొంత సర్వే పనితనంలోనే ఉంది. ఆ వారాల్లో అధ్యక్షుడి మద్దతుదారులు కసిగా ఉన్నారు, ఫోను మోగితే ఎత్తి చివరిదాకా జవాబు చెప్పారు, అవతలివాళ్ళు పని అయిపోయిందని పెట్టేశారు అన్న వాదన కొరియాలో గట్టిగా నడిచింది. ఫోనులో వెయ్యిమందిని అడిగే సర్వేలో ఉత్సాహం కూడా ఒక ఓటే. అది నిజమే అయినా మొత్తం సంగతి అది కాదని నేననుకుంటాను. ప్రశ్న మారిపోయింది. డిసెంబరులో జనానికి వినపడిన ప్రశ్న, సైన్యాన్ని పార్లమెంటు మీదికి పంపినవాడు కుర్చీలో ఉండచ్చా అని. జనవరికి అదే ప్రశ్న, ఇతన్ని దించితే వచ్చేది ప్రతిపక్ష నేత లీ జే-మ్యూంగ్, అది నీకు సమ్మతమేనా అని వినపడడం మొదలైంది. ప్రతిపక్షం తాత్కాలిక అధ్యక్షుణ్ణి కూడా అభిశంసించడంతో ఆ అనుమానానికి ఊతం దొరికింది. తప్పు గురించిన ప్రశ్న పార్టీ గురించిన ప్రశ్నగా మారిపోయింది. అభిశంసన అవిశ్వాసం అయిపోయింది. నేను 2004లో తొందరలో చేసిన పొరపాటే, ఒక దేశంలో మూడోవంతు మంది తెలిసీ చేశారు.

57 అన్న అంకె నాకు ఇంకోచోట తెలుసు. అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్‌ని 1973 ఆగస్టులో పదవినుంచి తప్పించాలన్నవాళ్ళు గ్యాలప్ లెక్కలో 26 శాతమే. అప్పటికే ఆయన పేరుప్రతిష్ఠలు మట్టిగొట్టుకుపోయాయి, సెనేట్ విచారణ టీవీలో ఇంటింటా చూశారు. అయినా దించమనలేదు. ఏడాది పట్టింది. తన సంభాషణల టేపులు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 8–0గా చెప్పాక, సభా సంఘంలో ఆయన పార్టీవాళ్ళు కొందరు అభిశంసనకి ఓటేశాక, 1974 ఆగస్టు మొదట్లో ఆ 26 శాతం 57 అయింది. ఆ నెల 9న ఆయన వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో గ్యాలప్ అడిగిన ప్రశ్నలోనే చిక్కుంది. అభిశంసించి పదవినుంచి పంపించెయ్యాలా అని రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి అడిగేవారు. విచారణ జరగాలి, ఏమో ఆ తరవాత చూద్దాం అనుకునేవాడికి ఆ ప్రశ్నలో చోటు లేదు. వాడు వద్దనే చెప్పేవాడు. అంకెని చూసేముందు ప్రశ్నని చదవాలని అందుకే అంటున్నాను. వాషింగ్టన్‌లో సాక్ష్యం వెంట నడుస్తూ నడుస్తూ జనం 57కి ఎక్కారు. సియోల్‌లో సాక్ష్యాన్ని వదిలేసి 57కి దిగారు. అంకె ఒకటే, రెండు ప్రయాణాలు.

అందుకని ప్రజాభిప్రాయాన్ని పక్కన పెట్టేద్దామా? పెట్టకూడదని నా వాదన. 2024 డిసెంబరు 7కీ 14కీ మధ్య అధికార పార్టీలో కనీసం తొమ్మిదిమంది మనసు మార్చుకున్నారంటే, అది వాళ్ళ ఇంటిముందూ పార్లమెంటు ముందూ నిలబడినవాళ్ళ వల్లే. చట్టసభలో ఉన్నవాడికి నిద్రపట్టకుండా చెయ్యడం జనం పని, ఆ పని వాళ్ళు చేశారు. తీర్పు రాయడం వేరే పని. ఆ పని కోసం నూటపదకొండు రోజులు తీసుకున్నారు న్యాయమూర్తులు. రో విషయంలో 63, పార్క్ విషయంలో 91. ఈసారి వాదనలు ముగిశాక కూడా 38 రోజులు మౌనంగా ఉన్నారు. అటూ ఇటూ లక్షలమంది వీధుల్లో ఉన్నారు. జనవరి 19 తెల్లవారుజామున యూన్ అరెస్టు వారంటు ఇచ్చిన కోర్టు మీద పడి ఆయన మద్దతుదారులు కిటికీలు పగలగొట్టారు. రాజ్యాంగ న్యాయస్థానం ఆవరణలో తెల్లటి బెరడుతో ఉండే ఒక పైన్ జాతి చెట్టు ఉంది, వందల ఏళ్ళనాటిది, ప్రకృతి స్మారకంగా కాపాడుతున్నారు. ఆ వారాల్లో దాని చుట్టుపక్కల వీధులన్నీ పోలీసు బస్సులతో గోడ కట్టేశారు. ఎందుకింత జాప్యమని నేనూ విసుక్కున్నాను. తీర్పు వచ్చాక ఆ మౌనం దేనికో అర్థమైంది.

2025 ఏప్రిల్ 4 ఉదయం 11 గంటల 22 నిమిషాలకి తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి మూన్ హ్యూంగ్-బే యూన్‌ని పదవినుంచి తొలగిస్తున్నామని చదివారు. ఎనిమిదిమందీ ఏకగ్రీవం. బయట 57–37గా చీలిన దేశం, లోపల 8–0. తీర్పులో రెండు సంగతులు నేను పదేపదే చదువుకున్నాను. పార్లమెంటు ఆ రాత్రి మార్షల్ లాని అంత తొందరగా ఎత్తెయ్యగలిగింది పౌరులు ఎదురునిలిచినందువల్లా, సైనికులూ పోలీసులూ అప్పగించిన పనిని మనస్ఫూర్తిగా చెయ్యనందువల్లా అని రాశారు. జనం చేసినదాన్ని న్యాయస్థానం సాక్ష్యంగా నమోదు చేసుకుంది. ఎంతమంది జనం అన్న లెక్క తీర్పులో లేదు. రెండోది, మెజారిటీ ఉన్న ప్రతిపక్షం కూడా తక్కువమంది అభిప్రాయాన్ని గౌరవించి, సంయమనంతో రాజీకి ప్రయత్నించి ఉండాల్సిందని చెప్పారు. ఓడినవాళ్ళు ఆ తీర్పు చదివితే తమ ఫిర్యాదు కూడా ఎవరో విన్నారని తెలుస్తుంది. 2004లో ఏ న్యాయమూర్తి ఏమన్నాడో బయటపెట్టనేలేదు. ఆ తరవాత చట్టం మార్చి, ప్రతి ఒక్కరూ తన అభిప్రాయం చెప్పితీరాలన్నారు. అంచేత 2025 నాటి ఏకగ్రీవంలో దాచుకోవడానికి ఎవరికీ చాటు లేదు.

దించడం గురించి జనాభిప్రాయం కొలిచేవాళ్ళకి నాదొక విన్నపం ఉంది, పత్రికలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడిగా. దించాలా అని అడిగేముందు ఏం జరిగిందని మీరనుకుంటున్నారు అని అడగండి. జరిగింది తప్పేనా అని అడగండి. ఆ తప్పుకి ఇంత శిక్ష తగునా అని అప్పుడు అడగండి. మూడు ప్రశ్నలకి మూడు అంకెలు వస్తాయి. ఒకే అంకె వేసి శీర్షిక పెట్టడం తేలిక, నేనూ అదే చేశాను. మూడంకెల్లో ఎక్కడ జనం విడిపోయారో తెలిస్తే, వాళ్ళతో మాట్లాడడానికి ఒక చోటు దొరుకుతుంది. సైన్యం దిగడం తప్పని ఒప్పుకుని, అయినా దించొద్దన్న కొరియా పెద్దాయనతో వాదించవచ్చు. అసలేమీ జరగలేదనేవాడితో వాదన వేరు. ఇద్దర్నీ 37లో కలిపేస్తే ఇద్దరూ మనకి అర్థం కారు.

మాస్టారు పోయాక ఆయన అల్మారాలో పేపరు కత్తిరింపుల ఫైళ్ళు దొరికాయి. వాళ్ళ అమ్మాయి రెండు ఫైళ్ళు నాకిచ్చింది. ఒకదానిమీద అవిశ్వాసం అనీ, రెండోదానిమీద అభిశంసన అనీ రాసి ఉంది. నేను తప్పు శీర్షిక పెట్టిన వార్తని ఆయన అభిశంసన ఫైల్లో అంటించారు. ఆఖరి పేరా పక్కన పెన్సిల్‌తో, ఈ డెబ్భైలో ఆయనకి ఓటెయ్యనివాళ్ళు ఎందరు, అని ఒక ప్రశ్న రాసుకున్నారు. రో 2002లో గెలిచింది 49 శాతం లోపు ఓట్లతో. అంటే ఆ డెబ్భైలో ఇరవైమందికి పైగా ఓటెయ్యనివాళ్ళే అయివుండాలి. ఆయన అడుగుతున్నది వాళ్ళ గురించి.

ఆ ఫైలుని నేను కొనసాగిస్తూ వచ్చాను. 2016వి చాలా ఉన్నాయి. 2024వి ఇంకా ఎక్కువ. 2025 జూన్ 3న కొత్త అధ్యక్షుడి ఎన్నిక జరిగింది, 79 శాతం మంది ఓటేశారు. లీ జే-మ్యూంగ్ 49.4 శాతంతో గెలిచారు. దిగిపోయిన అధ్యక్షుడి పార్టీ అభ్యర్థికి 41 శాతం వచ్చింది. నాలుగున్నర నెలల కిందట కోర్టు కిటికీలు పగిలిన దేశంలో ఆ 41 శాతం మంది వరసలో నిలబడి, ఓటేసి ఇళ్ళకి వెళ్ళారు. ఆ రోజు పేపరు కత్తిరింపు ఇప్పటికీ నా బల్లమీద విడిగానే ఉంది, ఏ ఫైల్లో పెట్టాలో తేలక.